టీవీలో మా మామ చచ్చిపోయిన బేస్తవారం

మొన్న కోదాడ పోయినప్పుడు మా పద్మత్త మంచం కింది ఇనుప పెట్టె బయటికి లాగి, అందులోంచి ఒక కళ్ళజోడు తీసి నా ఒళ్ళో పెట్టింది. బంగారు రంగు సన్న ఫ్రేము. అద్దాలు లేవు. ఎప్పుడో పగిలిపోయాయని కాదు, ఆ కళ్ళజోడుకు మొదటినుంచీ అద్దాలు లేవు. అద్దాలుంటే షూటింగు లైట్లు వాటి మీద పడి మెరుస్తాయట, అందుకని ఉత్త ఫ్రేమే పెట్టేవాళ్ళట. మా సైదులు మామ, అంటే మా అమ్మకు సొంత తమ్ముడు, జన్మలో ఒకే ఒక్కసారి టీవీలో కనబడ్డాడు. ఆ ఒక్కసారీ దీన్ని పెట్టుకునే కనబడ్డాడు. మామ పోయి మూడు నెలలైంది. ఇంట్లో ఇంకా ఆయన బోర్డులు రాసే రంగుల వాసన ఉంది. టర్పెంటైన్ వాసన మనిషి కంటే గట్టిదని అప్పుడే తెలిసింది నాకు.

కళ్ళజోడును అటూ ఇటూ తిప్పి చూస్తుంటే అత్త నెమ్మదిగా అడిగింది. "అమ్మాయీ, ఒక మాటడుగుతాను, ఏమనుకోవద్దు. మీ అమ్మకు ఆయన మీద కోపం ఇంకా పోలేదంటావా?" అత్త అడిగింది ఎందుకో నాకు తెలుసు. మామను వాకిట్లో పడుకోబెట్టిన రోజు మా అమ్మను కారులో తీసుకొచ్చి ఆయన పక్కన కూర్చోబెట్టాం. పొద్దటినుంచి ఎత్తేవరకు అక్కడే కూర్చుంది. ఒక్క చుక్క కన్నీరు రాలేదు. వచ్చినవాళ్ళంతా చూశారు. తోడబుట్టిన అక్క కంటతడి పెట్టలేదేమని చెవులు కొరుక్కున్నారు. నాకూ మనసులో ముల్లు గుచ్చుకున్నట్టే ఉండింది, కానీ ఎనభై దాటిన మనిషిని ఏమని అడుగుతాం? అత్త మాత్రం మూడు నెలలుగా దాన్నే తలుచుకుంటూ కూర్చుంది. ఆమె ప్రశ్న అర్థం కావాలంటే ఆ బేస్తవారం సంగతి చెప్పాలి.

అప్పట్లో మేం సూర్యాపేటలో పశువుల దవాఖాన వెనక గల్లీలో కిరాయికి ఉండేవాళ్ళం. నాయిన ఆ దవాఖానలోనే కాంపౌండరు. మోతె నుంచి, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి గొర్రెల్ని, మేకల్ని తోలుకొచ్చే మావాళ్ళందరికీ ఆయనే డాక్టరు, అసలు డాక్టరుగారు సంతకాలు పెట్టే మనిషి మాత్రమే అని వాళ్ళ నమ్మకం. నాయిన చొక్కాకు ఎన్నిసార్లు ఉతికినా ఫినాయిలు వాసన పోయేది కాదు. అమ్మ చీరకు పాల వాసన. మాకు రెండు బర్రెలుండేవి. పొద్దున్నే పాలు పోయగా మిగిలినవి కుండలో పోసి దాలిలో పెట్టేది అమ్మ. దాలి అంటే గుంటలో పిడకలు పేర్చి నిప్పు వేస్తే అది మంట లేకుండా పొద్దంతా రాజుకుంటూ ఉంటుంది. సాయంత్రానికి పాలు ఎర్రగా కాగి, పైన వేలెడు మందం మీగడ కట్టేది. బడి నుంచి వచ్చేసరికి ఆ వాసన గల్లీ మొదట్లోనే ఎదురొచ్చేది. ఇప్పుడు మా ఇంట్లో పాలు ఎందుకు కాచుకుంటున్నామో నాకు తెలియదు, అలవాటుగా కాస్తాం, అలవాటుగా తాగుతాం.

మా అమ్మకు కూర్చునే అలవాటు లేదు. నిలబడి చాయ్ తాగేది, నిలబడి తినేది, ఎవరింటికైనా పోతే దర్వాజాకు ఆనుకొని నిలబడే మాట్లాడేది. "కూసుంటె కాళ్ళు మర్చిపోతయి" అనేది. ఎక్కువ మాట్లాడేది కూడా కాదు. చిన్నప్పుడు తాత, అంటే వాళ్ళ నాయిన, గొర్రెల మందతో అడవుల్లో తిరిగిన మనిషి, మాటలతో పని పడకుండా పెరిగింది. తల్లి చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి సంకన వేసుకుని పెంచింది. ఆ తమ్ముడే సైదులు మామ. ఆయనకు గొర్రెలు అచ్చిరాలేదు, నాటకాలు అచ్చివచ్చాయి. గొంతు మంచిది, మనిషి నిలువెత్తు. కోదాడ పిల్లను చేసుకొని అక్కడే స్థిరపడి, పగలు దుకాణాలకు బోర్డులు రాసి, రాత్రిళ్ళు హుజూర్‌నగర్ అనీ హాలియా అనీ నాటకాలాడుతూ తిరిగేవాడు. అమ్మకు పైకి విసుగే కానీ లోపల గర్వం. ఎవరైనా "మీ తమ్ముడు రాజు ఏషమేస్తే నిజంగ రాజే" అంటే "ఆ, గొర్లు గాయరాని రాజు" అనేది మూతి తిప్పుకుంటూ, ముఖం మాత్రం వెలిగిపోయేది.

అది తాత పోయిన రోజుతో ఖతం అయింది. తాత ఎండకాలంలో పోయాడు. ఆ రోజు మామ మిర్యాలగూడలో ఉన్నాడు. రైసు మిల్లుల కార్మికులు ఏదో పండుగ చేసుకుంటూ నాటకం పెట్టించారు. మామకు కబురు అందేసరికి ముఖానికి రంగు వేసుకొని, కిరీటం పెట్టుకొని తెర వెనక నిలబడి ఉన్నాడట. ఆ వేషానికి ఇంకో మనిషి లేడు. మిల్లుల నుంచి ఊక దుమ్ముతోనే వచ్చి కూర్చున్న జనం. బృందం పెద్ద కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడట. మామ నాటకం ముగించి బయల్దేరాడు. బస్సు దొరక్క ఊక లారీ పట్టుకొని సూర్యాపేట వచ్చి, అక్కడినుంచి ఊరికి చేరేసరికి అంతా అయిపోయింది. ఎండలకు ఆగలేక అమ్మ వాళ్ళ పెదనాన్న కొడుకు చేత తలకొరివి పెట్టించేశారు. మామ పరుగెత్తుకుంటూ వచ్చి అమ్మ ముందు నిలబడ్డాడు. ఆదరాబాదరాగా కడుక్కున్నాడేమో, చెవుల వెనక గులాబీ రంగు అట్లాగే ఉంది. అమ్మ ఆ రంగునే చూసింది.

"నాయిన పాడె మీదుంటె నువ్వు మొకానికి రంగేస్కుంటివా?" అంది. గట్టిగా కూడా అనలేదు. "ఇగ నాకు తమ్ముడు లేడు. నాయినతోనే సచ్చిండు."

ఆ మాట మీదే నిలబడింది. మామ మా ఇంటికి వస్తే అమ్మ బర్రెల కొట్టంలోకి పోయేది, ఆయన వెళ్ళేదాకా బయటికి వచ్చేది కాదు. రాఖీ పున్నమికి వస్తాడని తెలిసి తలుపుకు తాళం వేసి, మమ్మల్ని వెంటబెట్టుకుని పొలాల వైపు పోయింది. సాయంత్రం తిరిగి వచ్చేసరికి గడప మీద మాకు తెచ్చిన బిస్కెట్లు, అమ్మకు తెచ్చిన చీర ఉన్నాయి. చీరను నాయిన పెట్టెలో దాచాడు, బిస్కెట్లు మేం తిన్నాం. ఆ తర్వాత మామ రావడం మానుకున్నాడు. నాయిన ఎన్నిసార్లు చెప్పినా గోడకు చెప్పినట్టే.

ఇక టీవీ సంగతి. మా గల్లీలో టీవీ ఉన్నది దేవదానం సారు ఇంట్లోనే. సారూ, ఆయన భార్య మేరీ టీచరూ ఇద్దరూ బడిపంతుళ్ళు. తెర మీద నీలం ప్లాస్టిక్ అద్దం తగిలించి ఉండేది, దాంతో నలుపు తెలుపు బొమ్మ కూడా రంగుల బొమ్మేనని మమ్మల్ని మేమే నమ్మించుకునేవాళ్ళం. బేస్తవారం పొద్దుగూకాక డిటెక్టివ్ సీరియల్ వచ్చేది. గల్లీ అంతా వచ్చేది. మేరీ టీచరు అందర్నీ ప్రార్థనకు కూర్చోబెట్టినట్టే వరసలు వేసి కూర్చోబెట్టేది. ముందు పిల్లలు, తర్వాత ఆడవాళ్ళు, గోడవార మగవాళ్ళు. హంతకుడు ఎవరో ముందే తెలిసిపోయినవాళ్ళు కూడా నోరు విప్పకూడదని సారు కట్టడి. ఆ డిటెక్టివ్ పేరు దశరథరావు. సన్నటి మనిషి, పెళ్ళి కాలేదు. ఏ ఇంటికి పోయినా ముందు మంచినీళ్ళడిగేవాడు. నీళ్ళు తెచ్చిన చేతిని చూసి సగం కథ తెలుసుకునేవాడు. చివర్లో అందర్నీ ఒక గదిలో పోగేసి, జేబులోంచి లవంగం తీసి నోట్లో వేసుకున్నాడంటే హంతకుడి పని అయిపోయినట్టే. మా గల్లీలో పిల్లలందరికీ అప్పట్లో లవంగాల పిచ్చి పట్టుకుంది. మా పోపులడబ్బాలో లవంగం నిలిచేది కాదు.

ఆ సీరియల్‌కు ఇంకో అలవాటు ఉండేది. వారానికొక చావు, వారానికొక కొత్త నటుడు. ఆ చచ్చేవాడి పేరే మొదట్లో "అతిథి నటుడు" అని విడిగా వేసేవాళ్ళు. అందుకని మా గల్లీలో అతిథి అంటే చచ్చేవాడని అర్థం స్థిరపడిపోయింది. "ఈ వారం అతిథి ఎవరో" అని పందేలు కాసేవాళ్ళం. అమ్మ మాత్రం ఏనాడూ రాలేదు. "సచ్చినోళ్ళ ఇండ్లకు పోయి సూసుడు సాలదా, టీవీల గూడ సూడాల్నా?" అనేది.

ఒక రోజు అన్నం తింటూ నాయిన కంచానికి చెబుతున్నట్టుగా చెప్పాడు. కోదాడ నుంచి ఎవరో కడుపునొప్పితో పొర్లుతున్న మేకను తెచ్చారట, వాళ్ళతో కబురొచ్చిందట.

"వచ్చే బేస్తవారం టీవీల సైదులు కనవడతడట. అక్కను మాత్రం తప్పకుండ సూడుమని చెప్పిండట."

"ఏ సైదులు?" అంది అమ్మ.

"నీకు ఎంతమంది సైదులులున్నరే? జర పోయి సూడు. ఎంత పట్టు పట్టిన మనిషికైన ఒక హద్దుంటది."

"మీరు సూడుండ్రి. నాకు బర్రె పాలు పిండాలె" అని లేచి చెయ్యి కడుక్కుంది.

నేనైతే ఆ వారమంతా భూమ్మీద నడవలేదు. మా మామ టీవీలో! బడిలో, బాయి కాడ, కిరాణా కొట్టులో, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాను. ఆ రోజు సారు ఇంట్లో ఇసుక వేస్తే రాలనంత జనం. నన్ను ముందు వరసలో మధ్యన కూర్చోబెట్టారు, పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టినట్టు. సారు తనే మేడ మీదికి ఎక్కి యాంటెన్నా తిప్పి వచ్చాడు. పేర్లు పడ్డాయి. అతిథి నటుడు అని పడి, కింద కోదాడ సైదులు అని పడేసరికి చప్పట్లు. ఆ చప్పట్లలో వెనక్కి తిరిగి చూస్తే దర్వాజాలో అమ్మ నిలబడి ఉంది. చేతిలో పెరుగు గిన్నె. మేరీ టీచరుకు పెరుగు ఇవ్వడానికి వచ్చిందట. మేరీ టీచరు పెరుగు అడగనే లేదు.

కథలో మామ రైసు మిల్లు యజమాని. ఈ కళ్ళజోడు, మీద పట్టు కండువా. మిల్లులోకి వచ్చి నాలుగు బియ్యపు గింజలు తీసి నోట్లో వేసుకొని కొరికి చూస్తాడు, హమాలీ భుజం తట్టి ఏదో అని నవ్వుతాడు. అది మా తాత నవ్వు. గల్లీలో తాతను ఎరిగినవాళ్ళు లేరు కాబట్టి నేనూ అమ్మా తప్ప ఎవరూ దాన్ని గుర్తుపట్టలేదు. మళ్ళీ వెనక్కి చూశాను. అమ్మ గిన్నెను రెండు చేతులతో పట్టుకుని ఉంది. తెర మీద మామ తన గదిలోకి పోయి గడియ పెట్టుకున్నాడు. తర్వాత తెల్లారింది, తలుపు కొట్టారు, పలకలేదు, బద్దలు కొట్టారు. లోపల మంచం మీద మామ. ఒక చెయ్యి కిందికి వేలాడుతోంది. కళ్ళజోడు నేల మీద పడి ఉంది. కెమెరా అక్కడే చాలాసేపు నిలబడింది. టీవీలో ఆయన భార్యగా వేసినామె వచ్చి మీద పడి ఏడ్చింది. ఆ ఏడుపు మా ఆడవాళ్ళకు నచ్చలేదు. "గదేం ఏడుపే, చీర నలుగుతదని ఏడుస్తున్నట్టున్నది" అని వెనక వరసలో ఎవరో అన్నారు కూడా.

అప్పుడు దర్వాజా దగ్గర గిన్నె పడింది. ఆ వెంటనే ఒక శోకం లేచింది. అది మా అమ్మ గొంతు అని తెలియడానికి నాకు కొంతసేపు పట్టింది, ఎందుకంటే ఆ గొంతును అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

"ఓ నా తమ్ముడా... నా సంకల పెరిగినోడా... నువ్వు మన్ను తింటె నోట్లె ఏలు పెట్టి తీస్తి కదరా... నీకు గొర్రె పాలు తాపి నేను గంజి తాగితి కదరా... రాఖి కట్టుమని నువ్వొస్తె నేను తాళమేసి పోతి కదరా... గడపల కూసోని లేసిపోతివా కొడుకా..."

జీవితంలో మొదటిసారి అమ్మ ఎవరింట్లోనో కూర్చుంది. చిందిన పెరుగులోనే కూలబడి, నేల మీద చేతులు చరుస్తూ ఏడ్చింది. మొదట నవ్వబోయినవాళ్ళు ఆగిపోయారు. "లింగమ్మా, అది ఏషమే, నిజం గాదే" అని పక్కింటి ఆమె పట్టుకోబోయి, పట్టుకున్నదల్లా తనూ ఏడుపు అందుకుంది. ఆమెకూ ఒక అన్న ఉండేవాడు. అట్లా ఒకరి తర్వాత ఒకరు. దేవదానం సారు మెల్లగా పోయి టీవీ ఆపేశాడు. ఆయన సీరియల్ మధ్యలో టీవీ ఆపడం అదే మొదలు, అదే చివర. దాంతో ఆ మిల్లు యజమానిని చంపింది ఎవరో మా గల్లీలో ఏ ఒక్కరికీ తెలియకుండా పోయింది. మేనేజరని కొందరు, భార్యేనని ఆడవాళ్ళు, ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. తర్వాత మామనే అడిగితే "నేను మొదట్లనే సచ్చిపోతి బిడ్డా, నాకెట్ల తెలుస్తది?" అనేవాడు. ఆ రోజు బర్రెల పాలు నాయిన పిండాడు. చెయ్యి మారిందని ఒక బర్రె తన్నింది కూడా.

మర్నాడు పొద్దున్నే దాలి పాలతో తోడుపెట్టిన పెరుగు గిన్నెకు గుడ్డ కట్టుకొని, నన్ను వెంటబెట్టుకొని అమ్మ కోదాడ బస్సెక్కింది. మామ ఇంటి ముందు రేకు పలక నేల మీద పరుచుకొని గొంతుక్కూర్చొని ఏదో బట్టల దుకాణం బోర్డు రాస్తున్నాడు. మమ్మల్ని చూసి కుంచె పట్టుకునే లేచి నిలబడ్డాడు. ముఖాన, చెవి మీద ఎర్ర రంగు మరకలు. అమ్మ దగ్గరికి పోయి ఆయన గడ్డం పట్టుకొని ముఖాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. మళ్ళీ ఆ రంగు సంగతే ఎత్తుతుందేమోనని నాకు భయం.

"రంగు కడుక్కొని రాపో. అన్నం తిందువు" అంది.

మామ కడుక్కోవడానికి వెనక్కి పోయి ఎంతకీ రాలేదు. వచ్చాక కళ్ళు ఎర్రగా ఉన్నాయి, సబ్బు నురగ పడ్డదన్నాడు. పద్మత్త పరుగున పీట వేసి, ముందు అమ్మ నోట్లో బెల్లం పరమాన్నం పెట్టింది. "తినండి వదినా, ముందు తీపి తినండి" అని ఒకటే బతిమాలడం. మేం వస్తామని కబురు లేదు, పండుగ కాదు. పరమాన్నం అప్పటికే పొయ్యి మీద ఎట్లా ఉందో నాకు తట్టనే లేదు. డిటెక్టివ్ సీరియళ్ళు అన్ని చూసి నేను నేర్చుకున్నది లవంగం నమలడమే.

ఆ తర్వాత మామ మా ఇంటికి, అమ్మ వాళ్ళింటికి, ఏ చిన్న పనికైనా రావడమే పోవడమే. ఏటా రాఖీ. మా పెళ్ళిళ్ళకు పందిట్లో ముందు నిలబడ్డది మామే. గల్లీ మాత్రం ఊరుకుంటుందా? టీవీలో చచ్చినవాణ్ణి నిజంగా చచ్చాడనుకొని ఏడ్చిన అమాయకురాలని అమ్మను ఏళ్ళపాటు ఆటపట్టించారు. మేమూ తక్కువ తినలేదు. టీవీలో ఎవరు చచ్చినా "అమ్మా, గిన్నె పక్కన పెట్టి సూడు" అనేవాళ్ళం. అమ్మ ఏమీ అనేది కాదు.

ఇదంతా పద్మత్తకూ తెలుసు. నాకు తెలియని సంగతే మొన్న పెట్టె ముందు కూర్చొని చెప్పింది. ఆ షూటింగుకు కొద్ది రోజుల ముందు మామ వాకిట్లో బోర్డు రాస్తుంటే కాకి వచ్చి తల మీద తన్నిందట. కాకి తంతే మావైపు చావు దోషమంటారు. దానికి ఒక విరుగుడు ఉంది. తోడబుట్టినవాళ్ళకు "మనిషి పోయాడు" అని అబద్ధపు కబురు పంపుతారు. వాళ్ళు నిజమనుకొని కన్నీళ్ళు పెట్టుకుంటే దోషం ఆ కన్నీళ్ళతో కొట్టుకుపోతుంది. తర్వాత బతికే ఉన్నాడని చెప్పి, ఏడ్చినవాళ్ళకు తీపి తినిపిస్తారు.

"నేను ఏడుస్తూ కూర్చున్నాను అమ్మాయీ, మీ అమ్మకు కబురు పంపుదామని" అంది అత్త. "ఆయన ఎంతకూ ఒప్పుకోలేదు. కాకి అంటే నాకు భయం లేదే, కబురు పోయినాక మా అక్క ఏడవకపోతే? అది నేను తట్టుకోలేను అన్నారు. తమ్ముడు చచ్చిపోయాడని ముందే అనేసిన మనిషి కదా. మంచిగైంది అని ఊరుకుంటే?"

మామకు ఆ సీరియల్‌లో మొదట ఇచ్చింది హెడ్ కానిస్టేబుల్ వేషమట. డిటెక్టివ్ వెంట వారం వారం తిరిగే వేషం. గొంతు విని మెచ్చి ఇచ్చారట. అది చేసి ఉంటే మామ ఎక్కడికో ఎదిగిపోయేవాడు. పోయి దర్శకుణ్ణి బతిమాలి, ఆ కానిస్టేబుల్‌ను ఇంకెవరికైనా ఇమ్మని, ఆ వారం చచ్చే వేషం తనకు ఇమ్మన్నాడట. "ఎవడైనా చచ్చే వేషం అడుగుతాడా అని ఆ సారు నవ్వారట. మా అక్క చూడాలి సార్ అన్నారట ఈయన. అక్కకు కబురు పంపించి, ఆ బేస్తవారం మా ఇంట్లో దీపం పెట్టుకొని ఇద్దరం కూర్చున్నాం. మాకు టీవీ కూడా లేదు. తెల్లారేసరికి ఏమైనా గాని అని పరమాన్నం వండాను. బస్సు దిగి మీ అమ్మ వస్తుంటే ఆ కళ్ళు చూశాను చూడు, ఉబ్బి ఉన్నాయి. అమ్మయ్య, ఏడ్చింది అనుకున్నాను." అత్త కొంగుతో కళ్ళజోడును తుడిచింది. "ఈ సంగతి ఆమెతో చెప్పొద్దన్నారు, మోసం చేశాననుకుంటుందని. ఎక్కడో తెలిసిందేమో అమ్మాయీ. అబద్ధానికి నా చేత ఏడిపించారని మనసులో పెట్టుకొనే, నిజంగా పోయిననాడు ఏడవలేదేమో. నాకు నిద్ర పట్టటం లేదు."

కోదాడ నుంచి తిరిగి వస్తుంటే బస్సులో నా ముందు సీటు అమ్మాయి ఫోనులో ఏదో హత్య కథే చూస్తోంది. ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకొని, ఒక్కతే. మధ్యలో విసుగొచ్చి వేలితో ముందుకు జరిపి, హంతకుణ్ణి చూసేసి ఆపేసింది. మా ఇంట్లోనూ అంతే, ముగ్గురం మూడు తెరలు. ఎవరి కథలో ఎవరు చచ్చారో పక్కవాళ్ళకు తెలియదు. అప్పటి రోజులే బంగారమని అనను, ఆ వరసల్లో మగవాళ్ళకు గోడ ఆసరా, ఆడవాళ్ళకు నేల అన్న సంగతి నాకు గుర్తుంది. కానీ ఒక మనిషి ఏడిస్తే ఇంటిల్లిపాదీ, గల్లీకి గల్లీ ఆగి, కథ చివర ఏమైతేనేం అని టీవీ ఆపేసిన ఆ ఒక్క సాయంత్రానికి మాత్రం నేను ఇప్పటి తెరలన్నీ ఇచ్చేస్తాను. దేవదానం సారు ఇల్లు ఉన్నచోట ఇప్పుడు ప్రైవేటు దవాఖాన. మా బర్రెల కొట్టం దాని పార్కింగులో కలిసిపోయింది.

ఇంటికి వచ్చేసరికి అమ్మ వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని ఉంది. ఈ మధ్య మోకాళ్ళు కూర్చోబెట్టేశాయి. చాయ్ ఇచ్చి, పక్కన కూర్చొని కాకి సంగతి, వేషం మార్చుకున్న సంగతి, పరమాన్నం సంగతి అంతా చెప్పాను. మామ చెప్పొద్దన్నాడని తెలిసీ చెప్పాను. అత్తకు నిద్ర పట్టాలి, నాకూ పట్టాలి. అమ్మ అంతా విని చాయ్ తాగడం ముగించి గ్లాసు కింద పెట్టింది.

"కాకి సంగతి నాకు తెల్వది" అంది. "తెలిస్తె మాత్రం ఏముంది? పిచ్చోడు. అడిగితె ఏడ్వనా?"

"మరి నిజంగ పోయిండనే అనుకున్నవా అమ్మా ఆనాడు? అందరు గట్లనే అంటరు గద."

"అననియ్యి. వాడికి సచ్చినట్టు పండుడెక్కడొస్తది? అందరు మొకం సూస్తున్నరు, నేను పొట్ట సూసిన. లేస్తనే ఉండె, పడతనే ఉండె. చిన్నప్పుడు జరం వస్తె గట్లనే సూసుకుంట కూసునేదాన్ని. పొట్ట లేస్తుంటె, అమ్మో, వీడు బతికే ఉన్నడు, నేనే సచ్చిండంటి అని ఏడుపొచ్చింది. ఆగలె."

ఇన్నేళ్ళు మేం ఎంత నవ్వినా తను ఒక్కసారి కూడా ఈ మాట చెప్పుకోలేదు. అయినా అత్త కోసం అడగక తప్పలేదు.

"మరి మొన్న ఎందుకు ఏడ్వలేదమ్మా? అత్త పరేషాన్ అయితున్నది, నీకు కోపం పోలేదేమోనని."

అమ్మ గేటు వైపు చూసింది.

"మొన్న గూడ పొట్టనే సూసుకుంట కూసున్న బిడ్డా" అంది. "ఇగ లేస్తది, ఇగ లేస్తది అని. గంతల్నే ఎత్తుకపోయిండ్రు."